అతుకుపని

నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు వైపు వెళ్తే మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగుల మీద ఆడవాళ్లు లేసు అల్లుతూ కనిపిస్తారు. స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులు 1844 ప్రాంతంలో ఇక్కడి ఆడపిల్లలకు నేర్పిన పని అది. సన్నటి కొక్కెం సూది, తెల్లటి నూలు, ఎడమచేతి చూపుడువేలికి చుట్టిన దారం. ఇన్ని తరాలుగా ఇక్కడి ఆడవాళ్ల చేతుల్లో ఉన్న ఈ పని తీరిక వేళ కాలక్షేపమా, కూలీయా అన్న తగవు ఇంకా తెగలేదు.

పెద్దవయసులో ఇల్లూ పెరడూ సూదీదారం ఇచ్చే సంతోషం గురించి రాయాలని కూర్చున్నాను. ఆ తగవును పక్కన పెట్టి రాస్తే అన్యాయం అవుతుందనిపించింది. అందుకని ఇద్దరికి వదిలేశాను, వాళ్లనే వాదించుకోమని. అక్క నరసాపురంలో ఉంటుంది. డెబ్భై దాటింది, భర్త పోయాడు, పిల్లలు దూరాన ఉన్నారు. చెల్లెలు విజయవాడలో కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి రిటైరైంది, మహిళా సంఘాల పనుల్లో తిరుగుతుంటుంది. మనుషులు నేను కల్పించినవాళ్లు. మాటలు మాత్రం మన ఇళ్లలో వినపడేవే.

చెల్లెలు: పొద్దున లేచినప్పట్నుంచీ చూస్తున్నానక్కా. కుండీలకు నీళ్లు పోశావు. మందారం ఆకులు ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి చూశావు. మనిద్దరికీ కలిపి రెండు కూరలు చేశావు. తిన్న కంచం కడగ్గానే సూది పట్టావు. రోజూ ఇంతేనా?

అక్క: ఇంతే. నువ్వు రాకపోతే ఒకటే కూర.

చెల్లెలు: విసుగు పుట్టదూ?

అక్క: పుట్టదే. పుట్టాలా?

చెల్లెలు: పుట్టాలనే అంటాను. ఇన్నేళ్లూ ఈ ఇంట్లో చాకిరీ చేశావు. అత్తగారికి మందులు, మామగారికి వేళకి కాఫీ, పిల్లలకి క్యారేజీలు. అన్నీ అయిపోయాయి. కాళ్లు ఇంకా ఆడుతున్నాయి. ఇప్పుడైనా నాలుగూళ్లు తిరగొచ్చు, గ్రంథాలయానికి పోయి కూర్చోవచ్చు, మా సభలకు రావచ్చు. నువ్వేమో మళ్లీ అదే వంటిల్లు, అదే పెరడు, అదే సూది అంటున్నావు. మనకి చిన్నప్పట్నుంచీ అలవాటు చేసిన పనినే పెద్దయ్యాక సంతోషం అనుకుంటున్నామేమో, ఎప్పుడైనా ఆలోచించావా?

అక్క: ఆలోచించకేం. కానీ అప్పుడు చేసిందీ ఇప్పుడు చేస్తున్నదీ ఒకటే ఎలా అవుతాయి? అప్పుడూ ఈ పెరట్లో మల్లెపొద ఉంది. దాని దగ్గర ఓ నిమిషం నిలబడిన గుర్తు లేదు నాకు. పూలు కోసుకొచ్చి దేవుడికిన్ని, ఆడబిడ్డలకిన్ని ఇచ్చి, మిగిలితే నా జడలో పెట్టుకునేదాన్ని. పొద ఎప్పుడు నిద్రపోతుందో ఎప్పుడు లేస్తుందో నాకేం తెలుసు? ఇప్పుడు సంక్రాంతికి ముందే నీళ్లు ఆపేస్తాను. ఆకు రాలిపోతుంది. కొమ్మలన్నీ మోకాలెత్తుకు కత్తిరించి, మొదలు చుట్టూ మట్టి తవ్వి కొన్నాళ్లు ఎండ తగలనిస్తాను. ఆ తర్వాత పశువుల ఎరువు వేసి నీళ్లు పెట్టడం మొదలుపెడితే, ఫాల్గుణం వచ్చేసరికి చిగురుతో పాటే మొగ్గ కూడా వస్తుంది. ఆ కత్తిరింపు మొదటిసారి చేసినప్పుడు చెయ్యి వణికిందే నాకు. పచ్చగా ఉన్న చెట్టు నీళ్లు ఎవరు ఆపుతారు?

చెల్లెలు: పొద సంగతి బాగుంది. మందారం ఆకుల్లో ఏం వెతుకుతావు?

అక్క: పిండినల్లి. ఆకు అడుగున, కొమ్మ గనుపుల్లో తెల్లటి బూజులా పడుతుంది. దానికంటే ముందు చీమల్ని చూడాలి. చీమలు బారు కట్టి కొమ్మ ఎక్కుతున్నాయంటే పైన పిండినల్లి చేరిందని లెక్క. అవి కార్చే తీపి కోసం పోతాయి చీమలు. ఆ రోజే వేపనూనెలో ఇంత సబ్బునీళ్లు కలిపి కొడితే సరిపోతుంది. వారం ఆగితే చెట్టు కొస మాడిపోతుంది. అందుకే రోజూ చూస్తాను.

(పెరటి పని గురించి చాలామంది పూలనీ రంగులనీ రాస్తారు. నాకు మాత్రం అక్క చెప్పిన ఈ చీమల బారులోనే అసలు సుఖం కనిపిస్తుంది. వయసు మీద పడ్డాక మనిషి చూపు తగ్గుతుందంటారు గానీ, తొందర తగ్గినచోట చూపు పెరగడం కూడా నేను చూశాను.)

చెల్లెలు: మరి నీళ్లకి ఎలా? ఇక్కడి బోరు నీళ్లు నోట్లో పోసుకునేట్టు ఉండవుగా.

అక్క: ఉప్పు. గోదావరి ఒడ్డునే ఉన్నామన్న మాటేగానీ సముద్రం పక్కనే ఉంది. కాలవ పారినన్నాళ్లూ ఫరవాలేదు. వేసవిలో కాలవ కట్టేస్తే బోరే గతి. ఆ నీళ్లకి మల్లె ఆకుల అంచులు మాడతాయి. అందుకని బియ్యం కడుగు, ఆకుకూరలు కడిగిన నీళ్లు బకెట్లో పట్టి సాయంత్రం పోస్తాను. గోంగూరకీ బచ్చలికీ ఈ బాధ లేదు, అవి మొండివి. కనకాంబరం కూడా అంతే, దాన్ని నేను నాటక్కర్లేదు. ఎండిన కాయకి ఓ చుక్క తడి తగిలితే టప్పున పేలి గింజలు అల్లంత దూరం ఎగురుతాయి. ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది.

చెల్లెలు: నువ్విలా చెబుతుంటే వినబుద్ధవుతుంది, అదే నా భయం. మొన్న నీ కొడుకు ఫోన్లో ఏమన్నాడో తెలుసా? 'అమ్మకేం పిన్నీ, మొక్కలూ లేసూ చూసుకుంటూ హాయిగా ఉంది' అన్నాడు. నువ్వు హాయిగా ఉన్నావు కాబట్టి వాడు రానక్కర్లేదు. నీ సంతోషం వాడికి సెలవు చీటీ అయింది. ముసలాయన ఇంట్లో ఒంటరిగా ఉంటే 'పాపం, ఏం తోస్తుంది' అంటారు. ముసలావిడ ఉంటే 'ఇల్లుందిగా, పనుందిగా' అంటారు. ఇల్లే ఆడదానికి తోడని ఎవరు తేల్చారు?

అక్క కాసేపు మాట్లాడలేదు. ఈ దెబ్బ సూటిగా తగిలింది, తగలాల్సిందే. ఇంటి సుఖాల గురించి ఇష్టంగా రాసే నాలాంటివాళ్లు ఈ మాటకు ఎదురు నిలబడి జవాబు చెప్పకుండా ముందుకు పోకూడదు. మల్లెపొద మనిషికి బదులు కాదు. అమ్మ నవ్వుతూ మాట్లాడిందని పండక్కి రావడం మానేసిన పిల్లలు ఉన్నారు.

అక్క: వాడు రాకపోవడం నాకూ కష్టంగానే ఉంది. ఆ సంగతి వాడికి చెప్పాను కూడా. కానీ ఒకటి విను. నేను ఏడుస్తూ కూర్చుంటే వాడు వస్తాడని మొక్కలకి నీళ్లు మానెయ్యనా? వాడి తప్పు వాడిది. నా పొద్దు నాది.

చెల్లెలు: సరే, పెరడు వదిలేస్తాను. లేసు మాత్రం వదలను. ఆ సూది మన అమ్మ కళ్లు తినేసింది. నీకూ శుక్లాలు వచ్చి ఆపరేషన్ అయింది.

అక్క: శుక్లాలు సూది పట్టనివాళ్లకీ వస్తాయి. కట్టు విప్పాక తెల్లనూలు నీలం కలిపినంత తెల్లగా కనిపించింది తెలుసా? అన్నేళ్లూ పసుపు పచ్చటి నూలుతో అల్లుతున్నానని అప్పుడు తెలిసింది.

చెల్లెలు: మాట మార్చకు. మరియా మీస్ అని జర్మనీ ఆవిడ మన ఊళ్లకి వచ్చి ఈ పని మీద పరిశోధన చేసింది. 1982లో లండన్‌లో ఆ పుస్తకం అచ్చయింది, నరసాపురం లేసు అల్లేవాళ్ల మీద. నేను పాఠం చెప్పిన ఏళ్లన్నీ దాన్ని చేతిలో పట్టుకునే చెప్పాను. ఆవిడ చూపించింది ఏమిటి? ఇంటిపని అయ్యాక ఆడవాళ్లు రోజుకి ఆరేడు గంటలు అల్లుతున్నారు. సరుకు సముద్రాలు దాటి పోతోంది. ఎగుమతి చేసినవాళ్లు మేడలు కట్టారు. అల్లినదానికి పొలం కూలికి పోయిన ఆడమనిషికి వచ్చినంత కూడా రాలేదు. ఎందుకు? వీళ్లు కూలివాళ్లు కాదట, ఇంట్లో ఖాళీగా కూర్చున్న గృహిణులట! పొలానికి పోతే పరువు పోతుందనుకున్న ఇళ్లలో ఈ లేసు పరువుగా మిగిలింది. ఆ పరువు ధర ఎవరు కట్టారు? మన అమ్మ కట్టింది. తీరిక అన్న మాట పెట్టి మన కూలి ఎగ్గొట్టారక్కా. ఇప్పుడు నువ్వు అదే సూదితో 'తీరిగ్గా అల్లుకుంటున్నాను' అంటే నాకు కడుపు మండుతుంది.

అక్క: ఆ పుస్తకం నేను చదవలేదు. చదవక్కర్లేదు కూడా, అందులో ఉన్నది నేనే కదా. ఏజెంటు నూలు కండెలు ఇచ్చి వెళ్లేవాడు. లేసు తీసుకునేటప్పుడు మళ్లీ తూచేవాడు, నూలు దాచుకున్నామేమోనని. మనకి దొరికింది చేతిపని ఒకటే. పువ్వు, పువ్వు, పువ్వు. అన్నీ ఒకే కొలత. నేను అల్లిన పువ్వులన్నీ మూటకట్టి ఇంకో ఊరు పంపితే అక్కడ వేరేవాళ్లు అతుకుపని చేసేవాళ్లు. కూర పోపు వేసి వచ్చి సూది పట్టుకుంటే పసుపు వేలి ముద్ర పడేది తెల్లనూలు మీద. మరక పడిందంటే ఆ పువ్వు లెక్కలోకి రాదు. అమ్మ సున్నిపిండితో చేతులు రుద్దుకుని రుద్దుకుని గోళ్ల చుట్టూ పగుళ్లు తెచ్చుకుంది. అన్నీ గుర్తున్నాయి నాకు.

చెల్లెలు: గుర్తుండీ?

అక్క: గుర్తుండే! ఇన్ని పువ్వులు అల్లానా, ఒక్కసారి కూడా దుప్పటి చూడలేదే నేను. నా పువ్వు ఏ మూల పడిందో, మధ్యలో పడిందో, అంచులో పడిందో తెలీదు. ఎవరి మంచం మీద పరిచారో తెలీదు. బావ పోయిన మరుసటేడు బజారుకు పోయి నా డబ్బుతో నూలు కొన్నాను. తెలుపు కాదు, ముదురాకుపచ్చ. ఏజెంటు ఎప్పుడూ ఇవ్వని రంగు. పువ్వులు అల్లాను. అతుకుపని నాకు రాదుగా, ఎదురింటావిడ దగ్గర నేర్చుకున్నాను, ఈ వయసులో. రెండు పువ్వుల మధ్య గొలుసు బిగిస్తే గుడ్డ బొప్పి కడుతుంది, వదులైతే వేలాడుతుంది. అది చేతికి తెలియడానికి చాలా విప్పాల్సి వచ్చింది. విప్పడంలో ఎంత సుఖముందో నీకు తెలీదు. దారం కొస పట్టి లాగితే సాయంత్రం దాకా అల్లిందంతా ఊడి మళ్లీ ఉండ అవుతుంది. అప్పట్లో విప్పడం అంటే ఆ పూట కూలి పోవడం. ఇప్పుడు విప్పితే ఎవరికి నష్టం?

చెల్లెలు: అయిందా దుప్పటి?

అక్క: అయింది. పరిచి చూసుకున్నాను. మంచం చుట్టూ తిరిగి నాలుగు వైపుల నుంచీ చూశాను. ఇది నేను చేశాను, మొత్తం నేను చేశాను అనిపించింది. నువ్వు దీన్ని అలవాటు అంటావా? నాకు ఇది అలవాటు లేని పని.

(పెద్దవయసు అల్లికల గురించి డాక్టర్లు చెప్పే మేలు వేరే ఉంటుంది, వేళ్లకి కదలిక, మనసుకి నెమ్మది అని. అది నిజమే కావచ్చు. కానీ అక్క సంతోషానికి అది కారణం కాదు. జీవితమంతా ముక్కలుగా చేసిన పనిని ఒకసారి మొత్తంగా చేసి చూసుకోవాలన్న ఆకలి అది. బొంత కుట్టే ముసలమ్మల్లో కూడా ఇదే ఉందని నా నమ్మకం. పాత నేతచీరలు మడతలు పరిచి, చుట్టూ టాకా వేసి, లోపలికి లోపలికి కుట్టుకుంటూ వస్తారు. ఏ చీర ఏ పెళ్లిది, ఏ పురిటిది అని చెబుతూ కుడతారు. ఆ చీరలు కట్టుకున్న రోజుల్లో వాటిని ఆగి చూసే వ్యవధి వాళ్లకి ఎప్పుడూ లేదు.)

చెల్లెలు: నీ దుప్పటిని నేను కాదనలేనక్కా. కానీ అది నీకు ఎలా దొరికిందో చూడు. బావ కట్టిన ఇల్లుంది, నెలనెలా డబ్బు వస్తోంది. నూలు కొనుక్కోగలిగావు. ఎదురింటావిడ సంగతేంటి? ఆవిడకీ డెబ్భై దగ్గర పడింది. ఆవిడ చేతిలోనూ సూది ఉంది. ఆవిడని అడుగు, లేసు అల్లుకోవడం ఎంత హాయో.

అక్క: అడగక్కర్లేదు. రోజూ ఇదే అరుగు మీద నా పక్కన కూర్చుంటుంది. దారినపోయేవాళ్లకి ఇద్దరం ఒకేలా కనిపిస్తాం. ఆవిడ శనివారానికి ఇవ్వాలి. నాకు శనివారం లేదు. ఆవిడ మాట్లాడుతూనే లోపల లెక్కపెట్టుకుంటుంది, నాకు తెలుస్తుంది. నేను నవ్వించానంటే లెక్క తప్పుతుంది. అందుకే ఆవిడ గొలుసు పూర్తయ్యేదాకా నేను నోరు మెదపను.

చెల్లెలు: చూశావా మరి!

అక్క: ఆగు. 2024 జులైలో పింఛను నాలుగు వేలు చేశారు కదా, అప్పట్నుంచి ఆవిడ ఏజెంటు దగ్గర తీసుకునే కండెలు తగ్గించింది. సాయంత్రాలు ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీలో ఏం చేసిందనుకున్నావు? ఊళ్లు తిరిగిందా? సభలకు పోయిందా? మనవరాలి లంగాకి అంచు అల్లుతోంది. ఎర్రనూలుతో. సూది వదలలేదే చెల్లీ, ఏజెంటుని కాస్త వదిలింది. నువ్వు సూదిని తిడుతున్నావు, నాకు అదే బాధ.

చెల్లెలు జవాబు వెతుక్కుంటున్నప్పుడు నేను అక్క వైపు మొగ్గాను, దాచుకోను. ఆ పింఛనుకు వెల కట్టినప్పుడు బియ్యం, మందులు, కరెంటు బిల్లు లెక్కేస్తారు. ఆ డబ్బు ఒక మనిషికి సాయంత్రం కూడా కొనిపెడుతుందని ఎవరూ రాయరు. పెద్దవయసులో ఇంటి సుఖాలు స్వభావం వల్లనో వైరాగ్యం వల్లనో రావు. చేతిలో సొంత డబ్బు, తల మీద సొంత కప్పు, రేపటికి ఇవ్వాల్సిన సరుకేదీ లేకపోవడం, ఈ మూడూ ఉన్నచోట వస్తాయి. అవి లేనివాళ్ల దగ్గరికి పోయి మొక్కలు పెంచండి, మనసు బాగుంటుంది అని చెప్పడం నాకు చేతకాదు.

చెల్లెలు: మరి 2024లోనే మన లేసుకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఊరి పేరుకి రక్షణ వచ్చింది, సంతోషమే. నరసాపురం పేరు పెట్టుకుని ఎక్కడో మెషీను మీద చేసింది అమ్మకూడదు. కానీ దాంతో ఎదురింటావిడ పువ్వు రేటు పెరిగిందా? అల్లినవాళ్లకి ఎంత ముడుతోందో ఎవరు లెక్క అడుగుతున్నారు?

అక్క: నాకు తెలిసి ఆవిడ రేటు పెరగలేదు.

చెల్లెలు: అందుకే తిరుగుతున్నాను నేను. నీకు అర్థం కావట్లేదు అనుకోకు, నాకూ ఇంట్లో కూర్చోవాలని ఉంటుంది. నీ వంటింట్లో ఇత్తడి గిన్నెలో పాలు పొంగే వాసన వస్తే పొద్దున లేవబుద్ధి కాలేదు. కానీ సుఖంగా కూర్చుంటే తప్పు చేస్తున్నట్టు ఉంటుంది.

అక్క: అది కూడా ఎవరో అలవాటు చేసిందే. ఆడది ఊరికే కూర్చోకూడదని మన నాన్నమ్మ అనేది. నువ్వు ఆ మాటని సభల్లోకి తీసుకుపోయావు, అంతే తేడా.

చెల్లెలు: (చాలాసేపటికి) అది ఒప్పుకోను. అలుపు రావడం ఒప్పుకుంటాను.

అక్క: ఆ దుప్పటి నీకివ్వనా?

చెల్లెలు: వద్దు. నీ మంచం మీదే ఉండాలి అది. నాకు వేరేది కావాలి. పదిహేను రోజుల్లో భీమవరంలో లేసు పనివాళ్ల రేట్ల మీద సమావేశం పెడుతున్నాం. నువ్వూ ఎదురింటావిడా రావాలి. ఒక పువ్వుకి ఎంతసేపు పడుతుందో, కండెకి ఎన్ని పువ్వులు వస్తాయో, అతుకుపనికి ఎంతివ్వాలో మీరు చెప్పాలి. పుస్తకంలో చదివింది నేను చెబితే ఎవరూ వినరు.

అక్క: చెప్తాను. కండె కండెకీ లెక్క చెప్తాను. మన అమ్మ గోళ్ల సంగతి కూడా చెప్తాను. ఆవిడని కూడా నేనే తీసుకొస్తాను, ఆ రోజు కూలి మాత్రం మీ సంఘమే ఇచ్చుకోవాలి.

చెల్లెలు: ఇస్తాం. సాయంత్రం నాలుగింటికి.

అక్క: కుదరదు. పొద్దున పదింటికి పెట్టండి. ఎండాకాలం, నాలుగింటికి నేను మొక్కల దగ్గర ఉండాలి.